రైజు

కాశీబుగ్గలో రైలుగేటు దాటి
మందస వైపు తిరిగే మూల మీద నా రేకుల షెడ్డు.
కోతమిషన్లు బాగుచేస్తాను.
జీడిబట్టీల పొగ తెల్లారకుండానే ముక్కులు మూసేస్తుంది గానీ
చెవుల్నేమీ చెయ్యలేదు.
తూర్పు తోటల్లో ఎవడి మిషను లేచిందో
ఇక్కడ స్పానరు పట్టుకునే చెప్పగలను.

కూర్మారావుది దగ్గు.
మాను ముందర నిలబడి,
షావుకారుతో బేరం తెగేదాకా
బుర్రుం, బుర్రుం.
పంచాయితీలో మాట దొరకనివాడు గొంతు సవరించుకున్నట్టు.
లీటర్లో పావు గాలికే పోస్తాడు.
ఏటిరా అది అంటే
"ఇంజను పడుకుండిపోద్ది బావూ" అంటాడు.
వాడి క్లచ్చు నీలంగా కాలిపోయి వస్తుంది, ఏటా రెండుసార్లు.

మెళియాపుట్టి కొండ దిగొచ్చే సవర సుక్కాయి అలాక్కాదు.
కర్రకి ఆనించే ముందు నిండా నొక్కుతాడు,
పళ్లు అవతలికి తేలగానే వేలు తీసేస్తాడు.
బరువు మిషనుదే, తనది కాదు.
రెండు చెట్ల నడుమ ఆ తోటలో
కాకి అరుపు కూడా వినబడుతుంది.
ఆకురాయితో చైను తనే పదును పెట్టుకుంటాడు
అందుకే నా దగ్గరికి రాడు.
వచ్చినప్పుడు మాత్రం
నాలుగొందలు బాకీ పెట్టి పోతాడు.

ఇక దండాసి.
దండాసిది ఒకటే కేక.
చెట్టు మీద, చెట్టు దిగి,
చెట్టుకీ చెట్టుకీ నడుస్తూ కూడా
చైను తిరుగుతూనే ఉంటుంది.
వాడి లుంగీ అంచుకీ దానికీ మధ్య జానెడు.
మూడేళ్లు తిట్టాను.
ఎవరి మీద కోపంరా నీకు,
ఆ సరుగుడు నీకేం చేసిందిరా అని
నలుగురి ముందూ నవ్వాను.

మొన్న మార్గశిరంలో, మంచు ఇంకా రోడ్డు మీదుండగానే
మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు.
చూద్దును గదా, పిడికి చుట్టూ
సైకిలు ట్యూబు ముక్క బిగించి కట్టి ఉంది,
రైజు మీటని నొక్కిపట్టి.
నోటికొచ్చిందల్లా అన్నాను.
వాడేం మాట్లాడలేదు.
టీ వస్తే రెండు చేతుల్తో అందుకున్నాడు,
గ్లాసు కాలిందో లేదో తెలియనట్టు
కాసేపు అలాగే పట్టుకున్నాడు.
తర్వాత అది జారిపోయింది.

"సలికాలం పొద్దుట ఈ ఏలు నాది కాదు బావూ.
నొక్కినానో ఒగ్గేసినానో తెల్దు.
అందుకే కట్టీసినాను."

చూపుడువేలు, రెండో కణుపు దాకా
ఒలిచిన జీడిపప్పులా తెల్లగా,
అలాగే వంగి.

ఇన్నేళ్లూ నేను విన్నది పొగరు కాదు.
ఈ చెవులే, నమ్మకంగా, అబద్ధం చెప్పాయి.

విప్పి చూస్తే అదురు ఆపే రబ్బరు బుష్షులు
నాలుగూ పిండి పిండి.
ఎప్పుడో మార్చాల్సినవి.
ఎన్నిసార్లు విప్పాను దాన్ని,
కార్బన్ గీకాను, ప్లగ్గు మార్చాను,
వాటి మీద మాత్రం చెయ్యి పెట్టలేదు,
అడగలేదు గనక.
కొత్తవి వేశాను. డబ్బులొద్దన్నాను.
వాడు నూట ఎనభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
ట్యూబు ముక్క కోసి పారేస్తే
వంగి, దులిపి, జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు స్పానరు కింద పెట్టి విన్నాను.
లేచింది. తగ్గింది.
మళ్లీ లేచి, తడుముకుని, తగ్గింది.
బాగుందిరా అనుకున్నాను.
ఎండెక్కితే ఫరవాలేదు గావాల అనుకున్నాను.
మూడో చెట్టుకి అది లేచి
ఇక దిగలేదు.

మధ్యాన్నం కూర్మారావు మిషను బిగించి
తాడు లాగి చూశాను.
అంతా సరిగానే పలికింది.
అయినా నా వేలు ఊరికే రెండుసార్లు నొక్కింది,
బుర్రుం, బుర్రుం.
ఆపేసి,
బల్ల చెక్క మీద వేలికొస ఆనించి
రాపిడి తెలుస్తోందా లేదా అని
అటూ ఇటూ రాసి చూసుకున్నాను.