ఎడమవైపు దీపం

స్ట్రామ్‌నెస్‌లో మూడుంబావుకే పొద్దుగూకే నెల.
ఉత్తరం గదికి ముదురు ఎరుపు వేద్దామన్నది నేనే,
ఇప్పుడు తిట్టుకుంటున్నదీ నేనే.

ఆరు చిన్న డబ్బాలు తెచ్చాను.
నాలుగు మొదటిరోజే పోయాయి.
ఒకటి మరీ టమాటా,
ఒకటి ఆరాక ఇటుక,
ఒకటి అచ్చం పళ్ల డాక్టరు కుర్చీ,
నాలుగోదాని మీద పిల్లి తోకతో తీర్పు రాసింది.

మిగిలినవి రెండు.
పేర్లు చూడండి: 'కసాయి ఆదివారం', 'బిషప్పు మేజోడు'.
గోడ మీద దిండంత దిండంత పూశాను.
పొద్దున కిటికీ వెలుగులో ఇదే అనుకుంటాను,
రాత్రి దీపం కింద అదే అనుకుంటాను.
పక్కింటి ఇంగా టీ తాగుతూ
"రెండూ ఒకటేగా" అనేసి వెళ్లిపోయింది.
నాలుగోరోజుకి నాకూ అలాగే అనిపించి
ఏది ఏదో పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఎర్లెండ్‌ని అడగలేదు.
పదిహేడేళ్లప్పుడు అబర్డీన్‌లో
చీకటి గదిలో కూర్చోబెట్టి
చిట్టి దీపాలు చూపించారట:
ఎరుపా? పచ్చా? తెలుపా?
మూడోసారి తప్పాక ఆఫీసరు కాగితం మడిచేశాడు.
పడవకి ఎడమవైపు దీపం ఎరుపని
తెలిస్తే చాలదు, కనపడాలి.
అప్పట్నుంచి ఒడ్డునే ఉండి
ఎవరెవరి పడవలకో పలకలు వంచుతాడు.
నా ఎర్ర కోటుని నలభై ఏళ్లుగా "నీ నల్ల కోటు" అంటాడు,
దిద్దడం ఎప్పుడో మానేశాను.

ఈ సాయంత్రం బూట్ల నిండా రంపపుపొట్టుతో
గుమ్మంలో ఆగి, అడక్కుండానే అన్నాడు:
"ఆ రెంటినీ పక్కపక్కన ఎందుకు పెట్టావు? పొంతనే లేదు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"ఇది తవ్వి ఎండబెట్టిన బురదగడ్డ.
అది హోయ్ జలసంధి, పోటు మళ్లేటప్పుడు.
అంత నీలం ఉందిగా దాన్లో, కనపడట్లేదూ?"

కనపడట్లేదు.
ముక్కు గోడకి తగిలేదాకా వెళ్లి చూశాను.
ఎరుపే. లోపలున్నదాన్నంతా
మింగి కూర్చున్న ఎరుపు.
డబ్బా మూతల మీద కొట్టువాడు రాసిన
నీలం పాళ్లు వెతికాను:
దీనికి సున్నా. దానికి మూడు.

రేపు ఆ మూడు పాళ్లదే పెద్ద డబ్బాలు తెస్తాం.
నేను ఎర్రగదిలో కూర్చుని అల్లుకుంటాను.
నా ఎదుటి కుర్చీలో అతను
సముద్రం మీద ఉంటాడు.

పైకప్పుకి ఏ రంగో ఇంకా తేలలేదు.