రొద డ్యూటీ

లియెపాయా రేవు దాటాక, పైన్ చెట్ల వెనక
మూడు ఇనప స్తంభాలు, ఒక రేకుల గది.
గేటు మీద బోర్డు: "వాతావరణ పరిశోధన కేంద్రం."
పదకొండేళ్లు ఆ వాతావరణాన్ని నేనే.

రాత్రి ఎనిమిదిన్నరకి నువ్వు గొంతు సవరించుకునేవాడివి
సముద్రానికి అవతల, ఏ ఊళ్లోనో, ఏ దీపం కిందో.
"శ్రోతలకు శుభ సాయంత్రం", మన భాషలోనే.
"శుభ" దాకా ఆగేదాన్ని.
"సాయంత్రం" మీద మీట దించేదాన్ని.
ఇక గర్ర్‌ర్ర్‌మని
రంపం మిల్లు, కందిరీగల తుట్టె,
బురదలో దిగబడ్డ ట్రాక్టరు.

మీట దించినా హెడ్‌ఫోన్లు తీయకూడదు. అది రూలు.
ఎలుక కన్నం మార్చినట్టు
నువ్వు పక్క మీటరులోకి జరిగితే పట్టుకోవాలి కదా.
అలా, ఊరి చెవులు మూసే కొలువులో
ఊరంతటికీ నేనొక్కదాన్నే
నిన్ను పూర్తిగా విన్నాను.

పెద్ద మాటలేవీ గుర్తులేవు.
మీవాళ్లు స్వేచ్ఛ అనేవారు, మావాళ్లు శాంతి అనేవారు,
రెండింటికీ యంత్రం ఒకేలా వేడెక్కేది.
చలికాలం దాని మీద మేజోళ్లు ఆరేసుకునేవాళ్లం.

గుర్తున్నవి ఇవీ:
డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిలో నీకు పట్టిన దగ్గు.
ముందు పన్ను కట్టించుకున్నాక
నీ "స"లో దూరిన సన్నటి ఈల.
ఎండబెట్టిన చేపకి
మా రేవు సందుల్లో తప్ప ఎక్కడా అనని పేరు
ఒకసారి నీ నోట జారడం.
(ఆ రాత్రి మీట మూడు సెకన్లు ఆలస్యం.
నెలాఖరు జీతంలో కోత.)
ఇంకో మంగళవారం, ఉక్కు దిగుబడి లెక్కల మధ్య
నువ్వు ఉన్నట్టుండి ఆగిపోవడం.
లాగ్ బుక్కులో "సాంకేతిక కారణం" అని రాశాను కానీ
అప్పుడే అనిపించింది
ఆ కాగితం నువ్వు రాసింది కాదని,
నీ భుజం మీంచి కూడా ఎవరో చూస్తుంటారని,
నా వెనక కుర్చీలో కుజ్మిన్ చూస్తున్నట్టు.

పొద్దున రొట్టెల క్యూలో ఊరంతా బొంత కుట్టేది.
ఒకరు విన్న మొదలు, ఇంకొకరు విన్న చివర.
"బయటి దేశం నుంచి గోధుమలు కొంటున్నారట!"
"ఎన్ని టన్నులు?"
"అక్కడే మింగేసింది, ఆ పాడు రొద."
నాకు తెలుసు ఎన్ని టన్నులో.
నోట్లో వేడి బంగాళాదుంప, ఉమ్మలేను, మింగలేను.
"ఆ రొద పెట్టేవాడి చేతులు పడిపోను" అంది మిల్డా ముసలమ్మ.
ఆ చేతుల్తోనే ఆవిడ సంచీ
మూడో అంతస్తు దాకా మోసి ఇచ్చొచ్చాను.
ఆశీర్వదించి ఒక ఆపిల్ పండు పెట్టింది.
తిన్నాను. పుల్లగా ఉంది.

ఎనభై ఆరు తర్వాత నువ్వు రాలేదు.
జబ్బో, పెన్షనో, మట్టో.
మీవాళ్లు చెప్పలేదు, మావాళ్లని అడగకూడదు.
లాగ్ బుక్కులో "గొంతు మారింది" అని రాసి సంతకం పెట్టాను.
నీ చావుకి, ఒకవేళ అది చావే అయితే,
ఇటువైపు పడ్డ రాత అదొక్కటే.

ఎనభై ఎనిమిది నవంబరులో ఫోన్ మోగింది: "ఇక ఆపేయండి."
కుజ్మిన్ తన టీ గ్లాసు కడుక్కుని, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.
ఆ రాత్రి మా మేడలో ప్రతి గోడా మాట్లాడింది,
ఎవరో కుర్రపిల్ల, అద్దంలాంటి ఉచ్చారణ,
ఆ చేప పేరు తెలియని పిల్ల.
వారం తిరక్కుండా మిల్డా ముల్లు తిప్పేసింది,
"ఏముందమ్మా, అక్కడా ధరలేనట" అని,
డాన్సు పాటల వైపు.

ఒక్క తూటా పేలలేదని
రెండు ఒడ్లూ చెప్పుకుంటున్నాయి. నిజమే.
నా ఎడమ చెవికి మాత్రం
పెన్షన్ ఫారంలో గడి లేదు.

నిద్ర పట్టని రాత్రి రేడియో పెట్టి
ముల్లుని రెండు స్టేషన్ల నడుమ నిలబెడతాను.
గర్ర్‌ర్ర్‌మంటుంది.
కుడివైపుకి తిరిగి పడుకుంటాను.