ఎత్తు ఎంత రాయాలె

ఫారంల మొదటి గడి పేరు.
బుడిగె అండాలు.
రెండో గడి వయసు.
"సాగర్ కట్ట కాడ మా అమ్మ తట్ట మోసేనాడు
నేను సంకల ఉన్ననంట."
అరవై ఎనిమిది అని నేనే వేసుకున్న.
మూడో గడి ఎత్తు.

గోడకు టేపు కొట్టి ఉన్నది.
అండాలు గోడకు ఆనదు.
నడుము కాడ మలిగిన మనిషి,
ముఖం నేలకు, వీపు మొగులుకు.
"జర సక్కగ నిలబడు అవ్వా"
నోరు జారినంక నాలుక కరుచుకున్న.
నవ్వింది. పండ్ల మీద బోరునీళ్ల గార.
"సక్కగ నిలబడ్డనాడు మీరు రాకపోతిరి బిడ్డా."

బీపీ పట్టీ చుట్టిన.
రెండు సుట్లు తిరిగి ఇంకా వదులే.
ఈ పట్టీ కుట్టినోడు
ఎవరి చెయ్యి చూసి కుట్టిండో!

చండూరు మెయిన్ రోడ్డు మీద
దామోదర్ రావు సారు చేతికి సరిగ్గ సరిపోతది.
ఏడాదికోసారి హైదరాబాద్ పోయి
పరిగడుపున రక్తమిచ్చి, ఇడ్లీ తిని,
ఎముకల ఫొటో దిగి, పొద్దుగూకేసరికి వస్తడు.
ఏ రోగం లేదని రాసిన ఫైలు
పట్టా పాసుబుక్కు పక్కన బీరువాల పెడతడు.
చలికాలం సూదికి ఫోన్ చేస్తే
నేనే ఇంటికి పోతా. అబద్ధమెందుకు,
చాయ కూడ తాగొస్త.

అండాలుకు దవాఖానంటే
పడ్డంక ఆటోల ఏస్కపోయే జాగ.
పడకముందే పోవుడంటే
ఆకలి కాకముందే అన్నం అడిగినట్టు, సిగ్గు.
ఇయ్యాల పత్తి కూలి పోగొట్టుకొని వచ్చింది.
"ఏం లేదంటే కూలి దండుగ.
ఉన్నదంటే పైసలు యాడియి?"
మా ట్రైనింగుల దీనికి జవాబు చెప్పలేదు.

ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయ్,
అమ్మ తట్ట మోసిన ఆ నీళ్లే.
చెంబు ముంచి నాకిచ్చింది.
తియ్యగున్నయ్.
ఎముకలకు ఆ సంగతి ఎవరు చెప్పాలె.

రాత్రి సూపర్‌వైజర్ ఫోను:
ఒక్క గడి ఖాళీ ఉన్నా ఆన్‌లైన్ల ఎక్కదు.

తెల్లారి వాడకు మళ్ల పోయిన.
చాప మీద పక్కకు పండుకొమ్మని
మడిమె నుంచి మోకాలు,
మోకాలు నుంచి తుంటి,
తుంటి నుంచి వంపు వెంబడి మెడ దాక
బట్టలు కొలిచే టేపుతోని
తునక తునక కొలిచి కూడిన.

ఐదడుగుల ఒక అంగుళం.

కొంగుతోని మూతి తుడుచుకొని,
ఎవరి ముచ్చటో ఇంటున్నట్టు,
"గంత ఉంటినా?" అన్నది.