రాజుకంటే ముందొచ్చేవాడు

మా ఊరి భారతంలో
రాజు రాకముందే కోడంగి రావాల.
ఇద్దరు పిల్లోళ్ళు దుప్పటి పట్టుకోనుంటారు.
దాని వెనక దుర్యోధనుడు బీడీ ఆర్పుతా ఉంటాడు.
దాని ముందర మా నాయన చెంగల్రాయుడు
మూతికి సున్నం పూసుకుని, ఊచలిరిగిన గొడుగేసుకుని
"రాజొస్తాండాడు, మూసుకోండి" అంటాడు.
ఏం మూసుకోవాల్నో చెప్పడు.
ఊరు ఊరంతా నవ్వుతాది.

మా జేజినాయన చెప్పేవాడు,
వాళ్ళ తాతకు తాత పాళెగాని కొలువులో ఉండెనంట.
పని, నవ్వించేది.
జీతం, ఏడాదికి రెండు పుట్ల రాగులు,
దొర తొడిగి విడిచిన అంగీ ఒకటి.
లెక్కల్లో రాయని పని ఇంకోటుండె.
మంత్రికి గొంతు దాటని మాట
వాని నోట్లో నుంచి రావాల.

చెరువు తెగిన యేడు పన్ను రెట్టింపు చేస్తే
కొలువులో ఒక్కరూ కిక్కురుమనలేదు.
వాడు ఒట్టి చేట పట్టుకోనొచ్చి
గాలిని చెరిగి, చెరిగి, కుప్ప పోసి
"దొరా, మీ భాగం కొలుచుకోండి" అన్నాడంట.
పాళెగాడు కడుపు పట్టుకుని నవ్వినాడు.
పన్ను సగానికి దిగింది.
వాని వీపు మీద ఇరవై దెబ్బలు పడినాయి.
రెండూ ఒకే పొద్దు.
"నవ్వొచ్చినందుకు అది, నవ్వించినందుకు ఇది"
అంటా తమలపాకు ఈనె తీసేవాడు మా జేజినాయన.

తర్వాత కుంపిణీ వాళ్ళు కోట పడగొట్టినారు.
చిత్తూరులో మేజా వేసుకుని కూర్చున్న కొత్త దొర
మాన్యాలన్నీ లెక్క రాయించినాడంట.
వీడు కావలి. వీడు వెట్టి. వీడు మేళం.
"నువ్వేం చేస్తావు?"
"రాజును తిడతా సామీ."
దుబాసీ దాన్ని ఎట్ట తిప్పి చెప్పినాడో ఏమో,
దొర నవ్వలేదు.
దెబ్బలకు బెదరనోడు
ఆ నవ్వని మొగం చూసి బెదిరినాడంట.
మాన్యం పోయింది.
చేట మిగిలింది.

పోయిన ఎండాకాలం, మాయసభ రాత్రి.
ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ప్రెసిడెంటు,
తొడ మీద చల్లని నీళ్ళ సీసా.
ఊర్లోకి ట్యాంకరు రాక తొమ్మిది దినాలు.
లేని నీళ్ళు చూసి పంచె ఎగ్గట్టినాడు దుర్యోధనుడు.
మా నాయన చెయ్యి పట్టి ఆపినాడు.
"యాడ రాజా నీళ్ళు?
మా ఊర్లో నీళ్ళు కాగితం మీదనే పారేది.
తడవాలంటే పంచాయతీ ఆఫీసుకు పోయి
రిజిస్టరు మీద పొర్లు."

హార్మోనీ ఆగింది.
ట్యూబులైటుకు పురుగులు కొట్టుకునే చప్పుడు.
దుర్యోధనునికి తర్వాతి పద్యం గుర్తుకు రాలే.
జనమంతా ఆయన మొగమే చూస్తాండారు,
నవ్వచ్చునో కూడదో తెలుసుకునేదానికి.
ప్రెసిడెంటు నవ్వినాడు.
అప్పుడు నవ్వింది ఊరు, కట్ట తెగినట్ట.
యాభై రూపాయలు చదివించినాడు కూడా.
మైకులో ఆయన పేరు మూడుసార్లు చెప్పినారు.

మూడో పొద్దు ట్యాంకరొచ్చింది.
మా వీధి మలుపు దగ్గర
హారను కొట్టి, తిరక్కుండా పోయింది.

రెండు బిందెలెత్తుకుని పై వీధికి పోతా మా అమ్మ
"నీ మాటకు ఎన్ని బిందెలొస్తాయో
ముందే అడిగి రాకపోతివా" అనింది.
ఆ పొద్దంతా మా ఇంట్లో
నవ్వినోడు మా నాయన ఒక్కడే.

ఈ యేడు కమిటీ వాళ్ళు ఇంటికొచ్చి
"రవ్వంత చూసి మాట్లాడన్నా" అని
కాఫీ తాగి పోయినారు.
సాయంత్రం పందిట్లో సున్నం కలుపుతా
అద్దం నా చేతికిచ్చినాడు.
"నాయనా, ఈసారి ఏమంటావు?"
మూతి వంకర పెట్టి చూసుకున్నాడు, ఇంకో గీత గీసుకున్నాడు.
"నువ్వు పోయి మీ అమ్మనడిగి చేట పట్రా."

అమ్మ పొయ్యి ముందర నుంచి లేవలేదు.
"చెరిగేదానికి ఇంట్లో ఏముండాదని,
తీస్కపో" అనింది.
నేను వాకిలి దాటినాక వెనక్కి పిలిచి
చేటను తిరగేసి, రెండుసార్లు తట్టి
దుమ్ము దులిపి ఇచ్చింది.