ఊదితే కదిలే చెయ్యి

రికార్డు ప్లేయరు బాగానే తిరుగుతోంది.
చెయ్యే పోయింది.
నలభై ఏళ్లు ముల్లును మోసిన సన్నటి గొట్టం
మోచేతి దగ్గర బేరింగు అరిగి
సరిగ్గా పదకొండో నిమిషంలో తూలుతోంది
నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషిలా.

పెట్టె పుట్టింది ఈ ఊళ్లోనే.
వూచ్ అంటే పడవ. పేరుకే పడవ,
నదులన్నిటినీ రోడ్ల కింద దాచేసి
పైన బట్టల మిల్లులు కట్టుకున్న ఊరు.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మగ్గాలకి నేను మెకానిక్కుని.
దారం ఎంత బిగిస్తే తెగుతుందో
ఎంత వదిలితే ముడిపడుతుందో
నా బొటనవేలికి తెలుసు.
చెయ్యి కొనడం ఎంతసేపు, అనుకున్నాను.
మూడు నెలలు పట్టింది.

ఇరెనేవుష్ కొట్లో, అద్దాల బీరువాలో
జపాను చెయ్యి, నాలుగు వేల జ్లోటీలు.
నా పింఛను రెండు వేల ఆరొందలు.
"చూస్తే డబ్బులు తీసుకోనులెండి, బోగుమీవా గారూ."
చూశాను.

అట్టపెట్టెలో కొత్తది ఇంకొకటి,
ఏ దేశానిదో రాసి లేదు, మూడొందల ఇరవై.
కుదురు దగ్గర వేలితో తాకితే
పాలపన్నులా ఊగింది.
చవక సంగతి నాకు చెప్పక్కర్లేదు.
చవక కండెలు కొన్న ఏడాది
మా మిల్లు నేసిందంతా అతుకులే.

మూడోది లావు గొట్టం, మంచి బరువు.
"మీది మెత్తటి ముల్లు, దీనికి కుదరదు," అన్నాడతను.
నిజమే. మెత్తటి ముల్లుకి బరువు చెయ్యి తగిలిస్తే
రికార్డు రవ్వంత వంకరున్నా చాలు,
నది లేని ఊళ్లో పాట పడవెక్కుతుంది.

ఆదివారం సంతలో
తుప్పు ఇస్త్రీపెట్టెల మధ్య నాలుగోది.
లోపలి తీగలు తెగి ఉన్నాయి, తోక బరువు లేదు.
అమ్మే కుర్రాడు దాన్ని పళ్ల డాక్టరు సామాననుకుంటున్నాడు.
జేబులోంచి అట్టముక్క తీసి కొలిచాను.
పొడవు సరే, చెక్కకి కొత్త బెజ్జం అక్కర్లేదు.
చిల్లర నాణేలు మైనంతో తోకకంటించి
గాలిలో సమంగా తేలేట్టు నిలబెట్టి
మెల్లగా ఊదాను.
కదిలింది.
ఊదడం మానేశాను.
ఆగింది.
వణకలేదు, గొణగలేదు.
అరవై జ్లోటీలు. బేరమాడలేదు, తప్పే.

ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నీలం,
వెంట్రుక కంటే సన్నటి నాలుగు తీగలు
పడుగు పోసినట్టు గొట్టంలోకి దించాను, రెండు రాత్రులు.
తోక బరువుకి ఇత్తడి బిళ్ల ఉంది:
మిల్లు మూసిన రోజు కోటు జేబులో వేసుకొచ్చాను,
ఎవరూ అడగలేదు.
ఇరెనేవుష్ దానికి తొంభై తీసుకుని తొర్ర తొలిచాడు.
ముల్లు లోపలికి జారిపోకుండా
బయటికి లాగే దారానికి చేపల గాలం సీసపు గుండు.
ఆ దారం ముడి మాత్రం నాదే. ఊడదు.

ఇంత ఎందుకంటే,
డెబ్బై నాలుగులో మా మిల్లు గాయక బృందం
ఒక రికార్డు చేసింది. నేను బృందంలో లేను.
హాల్లో వెనక వరసలో కూచున్నాను.
రెండో వైపు, రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో
ఒక దగ్గు. అది నాది.
నేను పాడిందల్లా అదే.
ఈ మధ్య పాత చెయ్యి దాని మీంచే దూకేస్తోంది.

నిన్న రాత్రి పెట్టాను.
పదకొండో నిమిషం. దుమ్ము చిటపట.
దగ్గు వచ్చింది, ఇరవై రెండేళ్లది,
గొంతులో ఇంకా పత్తి నూగు.
దాని వెనకే, ఇన్నేళ్లలో ఒక్కసారీ వినని గుసగుస:
"నీళ్లు కావాలా?"

పక్కన ఎవరు కూచున్నారు?
కుర్చీల రంగు గుర్తుంది. మనిషి గుర్తు లేదు.

ఈ చేతికి తనంతట తాను లేచే యంత్రం లేదు.
చివరి గాడిలో ముల్లు
టిక్, టిక్ మంటూ తిరుగుతోంది.
లేవాలి.