ఏడు పనిదినాలు

కార్మార్థెన్ బజారులో
ఇరవై ఆరేళ్ళుగా తాళంచెవులు కోస్తున్నాను.
ఇత్తడి పొడి నా గోళ్ళలోంచి పోదు.
తినే రొట్టెకీ కాస్త దాని రుచి అంటుతుంది.

మా వీధి చివరి బ్యాంకు
తలుపు మీద కాగితం అంటించింది,
మార్చి పద్నాలుగు నుంచి మూత అని.
రెండు భాషల్లో రాశారు.
వెల్ష్‌లో చదువుకున్నా మూతే.

వంతెన అవతలి బ్యాంకు రమ్మంది.
వస్తే నూట డెబ్బై అయిదు పౌండ్లు ఇస్తానంది.
ఈ వయసులో నన్ను
ఎదురు డబ్బిచ్చి పిలిచిన వాళ్ళెవరు?
వెళ్ళాను.

కౌంటరు దగ్గర కుర్రాడు, యెస్టిన్,
గడ్డం ఇంకా ఒక చెంపకే వచ్చినవాడు,
"ఏడు పనిదినాలు. మీరేం చెయ్యక్కర్లేదు" అన్నాడు.

నిజంగానే ఏం చెయ్యలేదు.
కరెంటు బిల్లు వచ్చింది, దాని వెనకే నీళ్ళ బిల్లు,
కొట్టు అద్దె,
చచ్చిపోయి ఏడాదైనా నేను ఆపని కుక్క బీమా,
ఈలకి కదిలిన గొర్రెల్లా
ఒక్కటీ దారి తప్పకుండా కొత్త దొడ్డిలోకి.

రానిది వయసు ఒక్కటే.
పాత ఖాతాకి ఇరవై తొమ్మిదేళ్ళు,
కొత్తదానికి వారం.
సగటు తీసేవాడి లెక్కలో
నేను నిన్న గాక మొన్న పుట్టాను.

యంత్రం పళ్ళు అరిగిపోయాయి,
మూడు వేల రెండొందలు అప్పు కావాలన్నాను.
కుదరదని ఉత్తరం వచ్చింది.
కారణం రాయలేదు.
"విచారిస్తున్నాం" అని మాత్రం రెండుసార్లు రాశారు.

"ఖాతా మార్చినందుకేనా?"
యెస్టిన్ నా క్రెడిట్ రిపోర్టు స్క్రీన్ నా వైపు తిప్పాడు.
"ఇదిగో, మేం మీ తలుపు తట్టి చూసిన గుర్తు.
ఏడాదిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు.
పాత ఖాతా చెరిగిపోలేదు,
మంచి పేరుతో మూసిందని ఇంకో ఆరేళ్ళు చెప్తుంది.
మీకు తగ్గింది కాస్తే, ఎలినెడ్.
కాలు మడత పడినంత.
నడుస్తుంటే అదే సర్దుకుంటుంది."

మరి?

అతను కిందికి జరిపాడు.
చివర్లో ఒక పేరు.
గెథిన్ రోడ్రిగ్ పారీ.

విడిపోయి పదకొండేళ్ళు.
ఉమ్మడి ఖాతా ఆ నెలలోనే మూసేశాం.
అతను సాండర్స్‌ఫుట్‌లో ఉంటున్నాడని తెలుసు,
పడవ కొన్నాడని తెలుసు,
వాయిదాలు కట్టడం లేదని
ఇదిగో, ఇప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు.
అతని కారు మలుపు తిరగ్గానే
వీధి తలుపు తాళం నేనే విప్పాను,
కొత్తది నేనే బిగించాను,
పాతది కాలువలో పారేశాను.
ఊరందరికీ తాళాలు మార్చిన చెయ్యి కదా,
ఒక్క మరకైనా లేకుండా మార్చింది.

ఇక్కడ ఒక తలుపుందని
నాకెవరు చెప్పారు?
పదకొండేళ్ళు అతని చెవి అందులోనే ఉంది.
నేను తిప్పని తాళం,
నేను చూడని గడప.

"మూసినంత మాత్రాన ముడి ఊడదు,
మీరే అడగాలి" అన్నాడు యెస్టిన్.
మూడు కంపెనీలు, మూడు కాగితాలు.
*ఇతనితో ఇప్పుడు మీకు డబ్బు సంబంధం ఏమైనా ఉందా?*
లేదు.
*ఒకే ఇంట్లో ఉంటున్నారా?*
లేదు.
విడాకుల కోర్టులో కూడా
ఇంత తిన్నగా అడగలేదు నన్నెవరూ.

మూడో కాగితం మీద సంతకం చేస్తుంటే
వేలికున్న ఇత్తడి అంటి
నా పేరు చివర చిన్నగా మెరిసింది.
తుడవలేదు.

"ఇది కూడా ఆపేయమంటారా?"
కుర్రాడి వేలు కుక్క బీమా మీద ఉంది.
కాడ్నో, నెలకి పదకొండు పౌండ్ల నలభై.
దాని పేరు ఇంకా అచ్చులో కనిపించేది
ఆ ఒక్క వరసలోనే.

ఉండనీ అన్నాను.
వచ్చే నెల చూద్దాం.