ముప్పయ్యో నిమిషం దగ్గర

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.
డెబ్బై తొమ్మిదిలో, షిల్లాంగ్‌లో, లైతుమ్‌ఖ్రా మలుపులో
విప్పిన గొడుగంత వెడల్పు నా కొట్టు.
ఒక రికార్డ్ ప్లేయరు, రెండు టేపు డెక్కులు,
వానకి ఉబ్బి మూతపడని సొరుగు.
ఓడలో పనిచేసే మేనమామ కలకత్తా రేవులో దిగి
చొక్కాలో చుట్టి తెచ్చిన ఎల్పీ, ఊరందరికీ అదొక్కటే.

క్యాసెట్టుకి అరవై నిమిషాలు, పక్కకి ముప్పై.
గిరాకీ కోసం ముందు రెండు రేడియో పాటలు ఇరికించేదాన్ని.
అందుకే రెండోవైపు ఆఖరి పాట పట్టేది కాదు.
గిటారు ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఎక్కుతూ,
కొండకొమ్మున నిలబడి అరవబోయే ముందు
టక్.
టేపు అయిపోయేది.

రెండు రూపాయలకి నేనమ్మిన ఆ టక్
ఎన్నెన్ని ఇళ్లకు వెళ్లిందో.
రేకుల కప్పుల కింద, కుంపటి చుట్టూ తడి సాక్సులు ఆరేసుకుని
కుర్రాళ్లు దాన్ని వేళ్లతో నేర్చుకున్నారు.
కిట్‌బోక్‌కి గురువంటూ ఎవరూ లేరు,
పెన్సిలు దూర్చి వెనక్కి తిప్పిన టేపు తప్ప.

మా పెద్దవాళ్లు దూరాన్ని వక్కల్లో కొలిచేవారు.
ఆ ఊరెంత దూరం? మూడు వక్కలు.
నమిలి, ఉమ్మి, ఇంకోటి బుగ్గన పెట్టేలోగా
నడిచినంత మేర ఒక వక్క.
ఆ లెక్కన అప్పటికీ ఇప్పటికీ మధ్య
ఎన్ని బుట్టలు ఖాళీ అయ్యాయో!
నా పళ్లు ఆ దారిలోనే రాలాయి.
కర్ఫ్యూ రాత్రుల్లో గొంతు తగ్గించి విన్నాం.
సీడీలు వచ్చాయి, తళుక్కుమన్నాయి, గీతలు పడి పోయాయి.
నా కొట్టులో ఇప్పుడెవరో ఫోను కవర్లు అమ్ముతున్నారు.

మొన్నామధ్య మనవరాలు బదాఫీ
ఫోనులో ఆ పాట పెట్టింది, మొత్తం.
టక్ రావాల్సిన చోట
రాలేదు.
గిటారు కొమ్మెక్కి, అరిచి, అవతలి లోయలోకి దిగి
ఇంకో నాలుగు నిమిషాలు బతికింది.
నేను కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను,
అలవాటైన ఇంట్లో, చీకట్లో,
లేని మెట్టు మీద కాలు వేసినట్టు.
"బాలేదా?" అంది పిల్ల.
బాగుంది. ఎవరిదో పాట.

సెప్టెంబరులో, చర్చి వెనక హాల్లో, వాళ్ల ఆఖరి ప్రదర్శన.
పాడేది డెలిండా అక్క. అరవై ఎనిమిది.
లెక్కల టీచరుగా రిటైరయింది,
రెండు మోకాళ్లకీ పట్టీలు, మెడలో కళ్లజోడు తాడు.
కిట్‌బోక్ వేళ్లు కొంకర్లు పోతాయి,
పాటకీ పాటకీ మధ్య వేడి టీ గ్లాసు పట్టుకుని
ఒక్కొక్కటే సాగదీసుకుంటాడు.
బేసు వాయించే బాన్‌షాన్‌కి ఎడమ చెవి లేదు,
అంటే ఉంది, పనిచెయ్యదు.
డ్రమ్ముల వెనక వాన్‌ఫ్రాంగ్ లేడు.
మూడేళ్లుగా దేవుడింట్లో వక్క నములుతున్నాడు.
పోయినవాళ్ల గురించి మేమలాగే అంటాం.
ఆ స్టూలు మీద వాడి చిన్నకూతురు,
ఇల్లూ, అప్పులూ, డ్రమ్ములూ
అన్నీ ఆమెకే వచ్చాయి, మా ఆనవాయితీ ప్రకారం.

కరెంటు పోలేదు. అదే పెద్ద వింత అనుకుంటున్నాం.
చివర్లో ఆ పాట ఎత్తుకున్నారు.
గిటారు మెట్లెక్కుతోంది.
నెరిసిన తలలన్నీ ఊపిరి బిగబట్టాయి.
ఇంకొక్క మెట్టు.

ఆపేశారు.
నలుగురూ, ఒక్కసారే, కత్తిరించినట్టు.
రేకుల మీద వాన ఒక్కటే వాయిస్తోంది.
అప్పుడు మూడొందల నోళ్లు కలిసి,
కట్టుడు పళ్లతో, వక్కకి ఎర్రబడ్డ పెదాలతో,
"టక్!"

ఎవరో ఏడ్చారు. ఎవరో నా వీపు చరిచారు.
వెనక బెంచీల్లో కుర్రకారు
ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.
వాన్‌ఫ్రాంగ్ కూతురు పుట్టేనాటికే నా కొట్టు మూతపడింది.
అయినా సరిగ్గా ఆ దెబ్బ మీదే
కర్రలు గాల్లో ఆపింది.

ఆ రెండు రూపాయలూ వాపసు ఇవ్వమని
ఎవరైనా అడుగుతారని
బయటికొచ్చేదాకా పర్సు చేత్తోనే పట్టుకున్నాను.
ఎవరూ అడగలేదు.